బడి గేటు పక్కనే కూల్‌డ్రింకులు: ముందు ఎవరికి చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అబ్బాయి ఏడో తరగతి. బడి గోడని ఆనుకునే ఉన్న కొట్లో ఇంటర్వెల్‌కి పిల్లలు కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు తెగ కొంటున్నారు. ఎనర్జీ డ్రింకు మీద పిల్లలకు తగదని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చదివేదెవరు? మావాడు మధ్యాహ్నం అన్నం సగం వదిలేస్తున్నాడు, రాత్రి పదకొండైనా నిద్రపోడు. పళ్ళ డాక్టరుగారు ముందు ఈ "తాగుడు" మాన్పించమన్నారు.

250 మిల్లీలీటర్ల మామూలు కోలాలో దాదాపు 26 గ్రాముల పంచదార ఉంటుంది, అంటే ఆరు చెంచాల పైనే. టీలో అంత వేస్తే ఇంట్లో ఊరుకుంటామా?

కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్నవి బడి ఆవరణలోనూ, గేటుకి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. హెడ్మాస్టరుగారిని అడిగితే బయటి కొట్టు తమ చేతిలో లేదన్నారు. 2025లో సీబీఎస్‌ఈ తన బడుల్లో దేంట్లో ఎంత పంచదార ఉందో చూపే షుగర్ బోర్డులు పెట్టమంది గానీ, మాది స్టేట్ బోర్డు.

బరంపురం, రాయగడ వైపు ఎవరైనా ఈ 50 మీటర్ల రూల్ అమలు చేయించారా? ముందు ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాలా, బ్లాకు విద్యాధికారి (బీఈఓ) దగ్గరికా, లేక స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో పెట్టించాలా? ఒడియాలో అర్జీ నమూనా ఉంటే పంపండి, నాకు మాట్లాడ్డం వచ్చు గానీ రాయడం రాదు.

ఇంకో మాట. కొట్టావిడ మా వీధి మనిషే, ఆవిడ పొట్ట కొట్టాలని లేదు. బడి దగ్గర చోడంబలి (రాగి అంబలి), మజ్జిగ లాంటివి అమ్మించి నిలబెట్టినవాళ్ళుంటే గ్లాసు ఎంతకిచ్చారు, ఎండల్లో పులిసిపోకుండా ఎలా ఉంచారు, చెప్పగలరా?