సకమిచి నో అపోలోన్: ఇది ప్రేమకథా, స్నేహం కథా?

నిన్న ఈ జపనీస్ యానిమే సిరీస్ 12 ఎపిసోడ్లూ ఒక్క ఊపులో చూసేశాను, ఇంకా తేరుకోలేదు. 1966లో జపాన్‌లోని సాసెబో ఊరు, కొత్తగా స్కూల్లో చేరిన కవోరుకి రిత్సుకో అంటే ఇష్టం, ఆమెకేమో వాళ్ల క్లాస్‌మేట్ సెంతారో, వాడికేమో యురికా, ఆ యురికా ఏమో సెంతారో అన్నలా చూసుకునే జున్ వెంట. అయినా నాకు గుర్తుండిపోయింది కవోరు, సెంతారోలే. మీకూ అంతేనా?

— అంతే. 7వ ఎపిసోడ్ చూడండి చాలు. మాటల్లేకుండా దూరమైపోయిన ఇద్దరూ, స్కూల్ వేడుకలో కరెంటు పోయాక, కవోరు ఒంటరిగా పియానో మొదలెడితే సెంతారో వచ్చి డ్రమ్స్ అందుకుంటాడు. సారీ అనే మాటే లేదు, అక్కర్లేదు కూడా. ఆ డ్రమ్స్ నిజంగా వాయించింది జాజ్ డ్రమ్మర్ ఇషివాకా షున్, ఆ వాయింపు చూసే చేతుల కదలికలు గీశారు.

— నేను ఒప్పుకోను. రిత్సుకో లేకపోతే వాళ్లిద్దరూ కలిసి వాయించేవారే కాదు, సెంతారో జాజ్ వాయించే, తన నాన్న రికార్డుల షాపు కింది గదికి కవోరుని తీసుకెళ్లింది తనే కదా! తన బాధని ఎవరూ పట్టించుకోరు.

— సెంతారో తండ్రి అమెరికన్ అన్నది మర్చిపోకండి. అమెరికా నౌకాస్థావరం ఉన్న ఊళ్లో ఆ పోలికతో పెరిగినవాడికి డ్రమ్సే దిక్కు, అందుకే వాడికి దొరికిన మొదటి నిజమైన తోడు కవోరు అనిపిస్తుంది నాకు.

— రిత్సుకో గురించి నిజమే, ఈసారి తన కోసం మళ్లీ చూస్తాను.