చర్చ: ఉబుంటు 24.04లో డాకర్ పోర్టుల్ని యూఎఫ్‌డబ్ల్యూ ఆపట్లేదు

సర్వర్_కొత్త
యూఎఫ్‌డబ్ల్యూలో (ఉబుంటు ఫైర్‌వాల్) 22, 443 పోర్టులు తప్ప అన్నీ మూసేసి ఉన్నాయి. అయినా డాకర్‌లో నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కంటెయినర్ 5432 మీద బయటి నుంచి కనెక్ట్ అవుతోంది. డాకర్ ఉబుంటు వాళ్ల డాకర్.ఐఓ ప్యాకేజీ. అది తీసేసి డాకర్ సొంత రిపో (ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి పెడితే సరిపోతుందా?

టెర్మినల్_తాత
సరిపోదండీ, ఏ ప్యాకేజీ అయినా ఇంతే. పోర్టు పబ్లిష్ చేయగానే డాకర్ ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్ రూల్స్) నాట్ టేబుల్లో, అంటే చిరునామాలు మార్చే పట్టికలో, రూల్ రాస్తుంది. ప్యాకెట్ గమ్యం అక్కడే కంటెయినర్ ఐపీకి మారి ఫార్వర్డ్ చెయిన్‌లోకి (వేరే చోటికి పంపే ప్యాకెట్ల రూల్స్ వరస) పోతుంది. మీ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ ఇన్‌పుట్ చెయిన్‌లో (సర్వర్‌కే వచ్చే ప్యాకెట్లది) ఉన్నాయి, ప్యాకెట్ అటు రానే రాదు.

కంపోజ్ ఫైల్లో (కంటెయినర్ల సెట్టింగ్స్ రాసే ఫైల్) "5432:5432" తీసేసి "127.0.0.1:5432:5432" అని రాయండి, 127.0.0.1 అంటే సర్వర్ తనకి తానే. డేటాబేస్ వాడే యాప్ కూడా అదే కంపోజ్‌లో ఉంటే పోర్ట్స్ భాగమే అక్కర్లేదు, సర్వీస్ పేరుతో పిలిస్తే చాలు. మార్చాక రీస్టార్ట్ కొడితే పాత సెట్టింగే ఉంటుంది. డాకర్ కంపోజ్ అప్ కొట్టాలి.

ప్యాకెట్_నాని
కొన్ని ఐపీలకి మాత్రమే తెరవాలంటే డాకర్-యూజర్ చెయిన్ (మన రూల్స్ కోసం డాకర్ ఉంచిన వరస) వాడాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: 8080:80 (బయట 8080, కంటెయినర్లో 80) అని పబ్లిష్ చేసి 8080కి డ్రాప్ (ఆపేసే) రూల్ రాస్తారు. ప్యాకెట్ అక్కడికొచ్చేసరికి పోర్టు 80 అయిపోయి ఉంటుంది, రూల్ తగలదు. 80కి రాయండి, లేదా కనెక్షన్లని గుర్తుపెట్టుకునే కాన్‌ట్రాక్ మాడ్యూల్‌తో అసలు పోర్టుని పట్టండి.

డెమన్.జేసన్‌లో (డాకర్ సెట్టింగ్స్ ఫైల్) ఐపీటేబుల్స్ ఫాల్స్ పెట్టమనే సలహా నెట్‌లో బాగా తిరుగుతోంది, వినకండి. కంటెయినర్ల ట్రాఫిక్‌ని సర్వర్ ఐపీతో బయటికి పంపే మాస్కరేడ్ రూల్ కూడా పోయి కంటెయినర్లకి ఇంటర్నెట్ రాదు.

రిపో_రాణి
రిపో మారడం మాత్రం మంచిదే, కొత్త వెర్షన్లు త్వరగా వస్తాయి. ముందు పీజీ డంప్ (డేటాబేస్ బ్యాకప్) తీసుకోండి. తర్వాత డాకర్.ఐఓ, అది వాడే కంటెయినర్‌డీ, రన్‌సీ మూడూ రిమూవ్ చేయండి. పర్జ్ (సెట్టింగ్స్‌తో సహా తుడిచేయడం) వద్దు. రిమూవ్‌తో వాల్యూములు (కంటెయినర్ల డేటా ఉండే చోట్లు) పోవు. కొత్త రిపో కీ ఫైల్‌కి (ప్యాకేజీలు అసలైనవో కాదో సరిచూసేది) అందరికీ చదివే పర్మిషన్ ఇవ్వకపోతే ఆప్ట్ అప్‌డేట్‌లో పబ్లిక్ కీ లేదని ఎర్రర్ వస్తుంది. స్నాప్ డాకర్ (ఉబుంటు స్నాప్ ప్యాకేజీ) జోలికి వెళ్లొద్దు, హోమ్ బయట ఉన్న ఫైళ్లతో తంటా.

లాగ్_లింగం
పనిలో పనిగా లాగ్ పరిమితి కూడా పెట్టండి. డిఫాల్ట్‌లో జేసన్-ఫైల్ లాగ్‌కి (కంటెయినర్ల సందేశాలు రాసుకునే ఫైల్) హద్దే లేదు, డిస్క్ నిండేదాకా పెరుగుతుంది. డెమన్.జేసన్‌లో మ్యాక్స్-సైజ్ 10ఎం (10 ఎంబీ), మ్యాక్స్-ఫైల్ 3 చాలు.

సర్వర్_కొత్త
127.0.0.1 పనిచేసింది, థాంక్సండీ. లాగ్ పరిమితి పెట్టాక మాత్రం డాకర్ సర్వీస్ లేవట్లేదు. జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) "నంబర్‌ని స్ట్రింగ్‌గా తీసుకోలేను" అన్నట్టు ఎర్రర్.

లాగ్_లింగం
3 చుట్టూ కోట్స్ లేవన్నమాట. లాగ్ ఆప్షన్లలో అంకెలైనా కోట్స్‌లోనే ఉండాలి. ఇకమీదట రీస్టార్ట్‌కి ముందు డాకర్‌డీని (డాకర్ సర్వీస్ ప్రోగ్రామ్) వ్యాలిడేట్ ఆప్షన్‌తో నడిపి ఫైల్ సరిచూడండి. ఇంకోటి, ఈ పరిమితి కొత్తగా తయారయ్యే కంటెయినర్లకే. కంపోజ్ ఫైల్ మారలేదు కాబట్టి ఉత్త అప్ కొడితే పాతవాటిని ముట్టుకోదు, ఫోర్స్-రీక్రియేట్ కలపాలి.