టైప్ జాతి గొడవలు: ముందు పెట్టిన పేరే నిలవాలా?

రాతిపొర: ముందు పెట్టిన పేరుకే హక్కు అంటారు కదా, మరి 1892లో కోప్ అనే శాస్త్రవేత్త రెండు వెన్నుపూసలు చూసి ఒక డైనోసార్‌కి పెట్టిన మానోస్పాండిలస్ పోయి, అదే జంతువుకి 1905లో పెట్టిన టైరనోసారస్ ఎలా నిలిచింది? టైప్ జాతికి, అంటే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు కట్టుబడి ఉండే జాతికి, ఆధారమైన ఎముకలే పనికిరావని తేలితే ప్రజాతి పేరు కూడా పోతుందా? ఒకే పేపర్లో ఒకే జంతువుకి రెండు పేర్లు పడితే ఏది తీసుకోవాలి?

తోకఎముక: రెండో ప్రశ్న నా కడుపుమంట. డిప్లొడోకస్ టైప్ జాతి లాంగస్, 1878లో మార్ష్ పెట్టాడు. ఆధారం చూస్తే తోక ముక్క, దానితో ఏ జాతినీ గట్టిగా తేల్చలేం. మ్యూజియాల్లో అందరూ చూసే అచ్చులు కార్నెగీ జాతివి కాబట్టి టైప్‌ని దానికి మార్చమని పిటిషన్ వేస్తే 2018లో జంతువుల పేర్ల తగాదాలు తేల్చే అంతర్జాతీయ కమిషన్ కొట్టేసింది. స్టెగోసారస్‌కి మాత్రం 2013లో ఆర్మాటస్‌ని తప్పించి స్టెనాప్స్‌ని పెట్టారు. ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయమా?

పాతశిల: ప్రతి పిటిషన్‌నీ విడిగా చూసి ఓటు వేస్తారండీ, ముందు దానికి ఒప్పుకున్నారని దీనికీ ఒప్పుకోవాలని లేదు. డిప్లొడోకస్ అనే పేరుకి ఇప్పుడేం ముప్పు వచ్చిందని? అందరూ హాయిగా వాడుతున్నారు.

తోకఎముక: హాయిగానా? లాంగస్ అని లేబుల్ తగిలించి దశాబ్దాలుగా ఉంచిన అస్థిపంజరాలు ఏ జాతివో చెప్పండి చూద్దాం. తోకలు కొలిచి పోల్చే పని మీరు చెయ్యరు, అందుకే తేలిగ్గా మాట్లాడుతున్నారు.

పాతశిల: నేనేం పని చేస్తానో మీకు తెలియదు. మాట మర్యాదగా రానివ్వండి.

కోడ్‌పుస్తకం: ఇద్దరూ కాస్త ఆగండి. జంతువుల పేర్ల నియమాల పుస్తకం, అదే కోడ్, నాలుగో ఎడిషన్ 2000లో అమల్లోకి వచ్చినప్పటి నుంచీ దాన్ని ఆర్టికల్ ఆర్టికల్‌గా చదువుతున్నవాణ్ణి, కాబట్టి ఖాయంగా చెప్తున్నాను. 1899 తర్వాత పాత పేరుని ఎవరూ సరైన పేరుగా వాడకపోయి, కొత్త పేరు గత 50 ఏళ్లలో కనీసం 10 మంది రాసిన 25 రచనల్లో, పదేళ్లకు తగ్గని వ్యవధిలో కనబడితే, కొత్తదాన్నే నిలబెట్టొచ్చు. టైరనోసారస్ రెక్స్ ఆ లెక్క ఎప్పుడో దాటేసింది. పైగా కోప్ చూసిన ఆ వెన్నుపూసలతో జాతి తేలదు. పనిలో పనిగా, బ్రాంటోసారస్ సంగతి ఇందులోకి లాగకండి. 1903లో రిగ్స్ దాన్ని అపాటోసారస్‌లో కలపడం, 2015లో మళ్లీ విడదీయడం, రెండూ ఎముకల మీద శాస్త్రవేత్తల అభిప్రాయాలే, కమిషన్ తీర్పులు కావు.

పురుగులబుట్ట: బ్రాంటోసారస్ పేరు ఎత్తింది మీరేగా! నా గోడు వేరు. డైనోసార్ల వాళ్లు మా పురుగుల జాబితా చూడరు. వాళ్లు ఒక డైనోసార్‌కి పెట్టిన సింటార్సస్ అనే పేరు అప్పటికే ఒక పురుగుకి ఉంది. 2001లో పురుగుల శాస్త్రవేత్తలు మెగాప్నోసారస్ అని మార్చి పెడితే మా మీద పడ్డారు. జంతువులన్నిటికీ పేర్ల పట్టీ ఒకటే. పేరు పెట్టేముందు వెతుక్కోవడానికి ఏం అడ్డం?

పాతశిల: వెతకాలి, ఒప్పుకుంటాను. కానీ అసలు పేరు పెట్టిన మనిషికి ముందు కబురు చేసి, మార్చుకునే అవకాశం ఇవ్వాలని కోడ్ నీతి నియమాల్లో ఉంది. అది ఎందుకు పట్టించుకోరు?

పురుగులబుట్ట: అది సలహా, రూల్ కాదు.

తోకఎముక: సలహా అయితే తుంగలో తొక్కెయ్యొచ్చా? ఇగ్వానొడాన్ చూడండి, పళ్ల మీద నిలిచిన ఆంగ్లికస్‌ని పక్కనపెట్టి, బెల్జియం బొగ్గుగనిలో నిండు అస్థిపంజరాలుగా దొరికిన బెర్నిసార్టెన్సిస్‌ని 2000లో టైప్ చేశారు. పద్ధతిగా అడిగారు, పని అయింది.

రాతిపొర: నా మూడో ప్రశ్న?

కోడ్‌పుస్తకం: పేపర్లో ముందు పేజీలో ఉన్నదే గెలుస్తుంది.

పాతశిల: కాదు. రెండూ ఒకటేనని చెప్పి ఒకదాన్ని మొదట ఎంచుకున్న రచయిత మాటే చెల్లుతుంది. టైరనోసారస్ పేరు పెట్టిన 1905 పేపర్లో అదే జంతువుకి డైనమోసారస్ అనే పేరు కూడా ఉంది, మరుసటి ఏడాది ఆ పేపర్ రాసిన ఆస్‌బర్నే టైరనోసారస్‌ని ఎంచుకున్నాడు. ఆర్టికల్ 24 తీసి చూడండి.