ఇంట్లో వద్దంటున్నా ఏఏ మీటింగుకు వెళ్లడం తప్పా?

కలువ:
తాగుడు మానాలని మా అన్నయ్య తనంతట తానే అనుకున్నాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు ఆసరా అయ్యే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగుకు వెళ్తానంటే నాన్న ససేమిరా అంటున్నారు. "నలుగురి ముందూ నేను తాగుబోతునని చెప్పుకుంటావా? మానేవాడివైతే ఇంట్లో కూర్చుని మానెయ్" అని పట్టు. మధ్యలో వదిన నలిగిపోతోంది. కాదని వెళ్తే తప్పా?

సూర్యం:
తప్పనే అంటాను. ఇన్నాళ్లూ సీసా దాచాడు, ఇప్పుడు మీటింగు దాస్తాడు. అబద్ధం అలవాటైన మనిషికి ఇంకో అబద్ధం అప్పగిస్తే బాగుపడతాడా? ముందు నాన్నగారిని ఒప్పించండి. పైగా అక్కడ దైవం, ప్రార్థన అంటారు. అది అందరికీ పడదు.

మాధవి:
సూర్యం గారూ, దాపరికం చేటని నేనూ ఒప్పుకుంటాను. అందుకని మానుకోవడమెందుకు, చెప్పి వెళ్లొచ్చుగా! "నాన్నా, సాయంత్రం మీటింగు ఉంది, తొమ్మిదికల్లా వచ్చేస్తాను." అంతే. అనుమతి అడిగితే వాదన మొదలవుతుంది. చెప్పి చెప్పులు వేసుకుంటే పెద్దాయన కోప్పడతారు, కానీ మోసపోయానని అనుకోరు.

నాన్నగారి భయమంతా పరువు గురించే. తూలుతూ ఇంటికొచ్చిన రోజు వీధంతా చూడలేదా? మీటింగులో ఇంటిపేరు కూడా అడగరు. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, ఎవరైనా రావచ్చు. మాట్లాడాలని లేకపోతే ఊరికే కూర్చుని వినొచ్చు.

ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమించినా ఇవ్వలేనిది ఒకటుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్‌కు, మానేసిన కొన్ని నెలలకు మళ్లీ తాగాలన్న యావ పుట్టింది. నాలాంటి తాగుబోతు ఇంకొకడు దొరికితే మాట్లాడాలని ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. అలా కలిసినవాడు సర్జన్ బాబ్ స్మిత్. ఏఏ పుట్టింది అక్కడే. రాత్రి పదింటికి తాగాలని ప్రాణం కొట్టుకుంటుంటే కలువ అన్నయ్య తండ్రితో చెప్పుకోగలడా? ఆ బాధ పడ్డవాడికైతే సగం మాటకే అర్థమవుతుంది.

దేవుడి విషయంలో మీ అభ్యంతరం న్యాయమే. అది పడనివాళ్లకు దేవుడి ప్రసక్తి లేని స్మార్ట్ రికవరీ లాంటి బృందాలు ఉన్నాయి.

సూర్యం:
మరి ఫలితం మాటేమిటి? 2020లో, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష వచ్చింది. ఏఏ వైపు నడిపించే చికిత్స తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నది 42 శాతం. సగానికి పైగా నిలబడలేదనేగా! దీనికోసం ఇల్లంతా ఎదిరించాలా?

మాధవి:
అదే సమీక్షలో మిగతా చికిత్సలకు 35 శాతమే. అవి డబ్బు పోసి చేయించుకునేవి, ఇది ఉచితం. ఒంటరిగా గదిలో పళ్లు బిగించి కూర్చునేవాడికి ఆ పాటి ఆసరా కూడా లేదు.

రమణ (నర్సు):
మీరిద్దరూ వదిలేసిన మాట ఒకటుంది. "ఇంట్లో కూర్చుని మానెయ్" అన్నదే అన్నిటికంటే ప్రమాదం. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం మొదలైతే ప్రాణం మీదికి వచ్చినట్టే. కలువమ్మా, పొద్దున్నే గ్లాసు ఎత్తితే అన్నయ్య చెయ్యి వణుకుతోందా చూడు. వణికితే మీటింగుకన్నా ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. ఇంకో సంగతి, తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర తెలియకుండా అన్నంలో కలిపేవాళ్లున్నారు. అది వేసుకున్నట్టు తెలియక తాగితే బీపీ పడిపోయి చచ్చిపోవచ్చు. ఆ పని ఎవ్వరూ చెయ్యకండి.

సూర్యం:
డాక్టర్ మాటకు ఎదురు చెప్పను. కానీ వదినగారి సంగతి ఎవరూ తలవలేదు. అతను మీటింగుకు వెళ్తే ఇంట్లో మాటలు పడేది ఆవిడేగా?

మాధవి:
నిజమే, అది నేనూ తలవలేదు. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951 నుంచి అల్-అనాన్ ఉంది, ఆవిడ అక్కడికి వెళ్లొచ్చు. ఏఏలో ఓపెన్ మీటింగులకు బయటివాళ్లనూ రానిస్తారు.

కలువ:
చెయ్యి వణుకుతోంది రమణ గారూ. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, వదిన కూడా వస్తోంది. మీటింగు సంగతి నాన్నకు అన్నయ్యే చెప్తానన్నాడు, మమ్మల్ని మాట్లాడొద్దన్నాడు.