సమస్య: "ఉన్ని రాలఁగనే చలి యుడిగిపోయె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం, ఇది చివర వచ్చేలా పద్యం పూరించండి. గొర్రె అయినా గొంగడి అయినా మీ ఇష్టం. నా మనసులో ఉన్నది మాత్రం హార్ప్ సీల్ అనే మంచు సముద్రపు జంతువు పిల్ల. కెనడా తూర్పు తీరంలో, గ్రీన్‌లాండ్ సముద్రంలో, రష్యా తెల్ల సముద్రంలో తేలే మంచు పలకల మీద ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుడుతుంది. ఒళ్లంతా పొడుగాటి తెల్లటి ఉన్ని. మూడు వారాలు తిరిగేసరికి అది ఊడిపోవడం మొదలవుతుంది. బయట మంచు అలాగే ఉంది, ఒంటిమీది ఉన్ని పోయింది. మరి చలి ఎలా ఉడిగింది? ఈ ముడి విప్పినవారికి శాలువా. ఉన్నిదే.

కామేశం:
మాఘమాసము గడచెను, మండుటెండ
వచ్చె, గొర్రెల కాపరి వల్లెయనుచు
కత్తెరను బట్టి బొచ్చును కత్తిరింప
ఉన్ని రాలఁగనే చలి యుడిగిపోయె.

నిర్వాహకుడు:
కామేశం గారూ, గణాలకు ఢోకా లేదు. "కత్తిరింప" తర్వాత ద్రుతం, అంటే నకారం, వస్తుంది, "నున్ని" అని కలపండి. "వల్లెయనుచు" యతి కోసం వచ్చి కూర్చున్న చుట్టం. అసలు చిక్కు వేరే. మండుటెండలో చలి పోవడం ఏం వింత? ఉన్ని ఉన్నా పోయేదే!

కామేశం:
చిత్తం. పోనీ సీల్ మీదే రాద్దామంటే దానికి తెలుగు మాట దొరకలేదు. నీటికుక్క అనొచ్చా?

నిర్వాహకుడు:
వద్దండీ. నీటికుక్క అంటే కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టుకునే ఆటర్. సీల్ మన తీరానికి రాదు, మనవాళ్లు దానికి పేరూ పెట్టలేదు. సీలు అనేయండి, ఛందస్సేమీ అలగదు.

శ్రీధర్:
తెల్ల వెంట్రుక గొట్టాలఁ దీసికొనుచు
వెలుగు చర్మమ్ముఁ జేర్చగ వేడిపుట్టి
పెరిగె సీలమ్మ పాపాయి, పిదప వింత!
ఉన్ని రాలఁగనే చలి యుడిగిపోయె.

నిర్వాహకుడు:
"సీలమ్మ పాపాయి" భలే ఉంది. ధార కూడా బాగుంది. కానీ వెంట్రుకలు గొట్టాల్లా వెలుగును చర్మానికి మోసుకెళ్తాయన్న కథ ధ్రువపు ఎలుగుబంటి గురించి పుట్టింది, కొలిచి చూస్తే నిలవలేదు. సీల్ పిల్ల దగ్గర ఇంకో తమాషా ఉంది. దాని తెల్ల ఉన్ని అతినీలలోహిత కిరణాలను పీల్చేసుకుంటుంది. మంచు వాటిని తిప్పికొడుతుంది. అందుకని ఆ కిరణాల్లో తీసిన ఫొటోలో మంచు తెల్లగా, పిల్ల నల్లగా పడుతుంది. 1974లో లవీన్, ఓరిట్స్‌లాండ్ అనే ఇద్దరు ఈ సంగతి ప్రకటించారు. మామూలు ఫొటోలో మంచులో కలిసిపోయే పిల్లల్ని విమానంలోంచి లెక్కపెట్టడానికి అది పనికొచ్చింది. మీ రెండో పాదం మార్చండి. ఇంతకీ ఉన్ని ఊడాక చలి ఎందుకు పోయిందో పద్యంలో లేనే లేదు, "వింత" అని తప్పించుకున్నారు.

భాను:
నమస్కారం మాష్టారూ, ఇది నా రెండో పద్యం. టెన్షన్‌గానే పెడుతున్నాను.

నీటిలోఁ బడి తడిసెను నిన్నటిదాక
ముద్దయై పోయి వణికెను ముద్దుపాప
కొత్త బూడిద చొక్కాయె గొప్పదయ్యె
ఉన్ని రాలఁగనే చలి యుడిగిపోయె.

నిర్వాహకుడు:
అమ్మా భానూ, మొదటి పాదం చివర "టిదాక" జగణం అయింది, అక్కడ సూర్యగణం పడాలి. "నిన్నదనుక" అంటే సరిపోతుంది. ఇక రెండో పాదం నాకు తెగ నచ్చింది. "ముద్దయై" అనే ఒక్క మాటలో విషయమంతా ఉంది. ఉన్ని వెచ్చన కాదు, ఉన్నిలో చిక్కుకున్న గాలి వెచ్చన. తడిస్తే పోగులు ముద్దకట్టి గాలి పోతుంది. నీరు గాలికంటే పాతిక రెట్లు జోరుగా వేడిని లాగేస్తుంది. మూడో పాదంలోనే జారావు. ఆ బూడిద రంగు చొక్కా పొట్టిది, అది కాపాడదు. కాపాడేది దానికింద ఉంది.

రవి (హాలిఫాక్స్):
పద్యం తర్వాత పెడతాను, ముందు చూసింది చెప్పనివ్వండి. పోయిన మార్చిలో ఇక్కడ కెనడాలో, సెయింట్ లారెన్స్ గల్ఫ్‌లో ఉన్న మాగ్డలీన్ దీవుల నుంచి హెలికాప్టర్‌లో మంచు మీదికి తీసుకెళ్లారు. మా కాళ్ల దగ్గరే ఒక పిల్ల. పుట్టి ఒకటి రెండు రోజులై ఉంటుంది, ఉన్ని ఇంకా తెల్లబడలేదు, ఉమ్మనీటి మరక వల్ల పసుపు రాసినట్టుంది. చర్మం ముడతలు ముడతలు, అన్నయ్య చొక్కా తమ్ముడికి తొడిగినట్టు. ఒళ్లు సన్నగా వణుకుతోంది. కాస్త అవతల వారం పైబడిన పిల్ల, దిండులా ఉంది. అది పడుకున్నచోట దాని ఒంటివేడికి మంచు కరిగి ఉయ్యాల తొట్టిలా గుంట పడింది.

పుట్టినప్పుడు పదకొండు కిలోలుంటుంది, చర్మం కింద కొవ్వు లేనట్టే. వణుకు, లోపలి గోధుమరంగు కొవ్వు కలిసి వేడి పుట్టిస్తే, ఉన్ని దాన్ని పోనివ్వదు. తల్లిపాలలో దాదాపు సగం కొవ్వే. రోజుకి రెండు కిలోల పైన పెరిగి, పన్నెండు రోజులకి ముప్ఫై అయిదు కిలోలకు వస్తుంది. ఆ తర్వాత తల్లి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. పిల్ల వారాల తరబడి తిండి లేకుండా ఆ కొవ్వు మీదే బతుకుతుంది. ఉన్ని ఊడే దశలో ఉన్న పిల్లని ఇక్కడివాళ్లు చింపిరికోటు అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మంచు ముందే విరిగిన ఏడాది ఉన్ని పిల్లలు నీళ్లపాలవుతాయి. 2010లో ఈ సెయింట్ లారెన్స్ గల్ఫ్‌లో మంచు బాగా తక్కువ పడింది.

సుబ్బలక్ష్మి:
రవి బాబూ, నువ్వు చెప్పిందే పద్యంలో పెట్టాను.

అమ్మ పాలలోఁ గొవ్వెల్ల నంటికొనఁగ
పదియు రెండు దినమ్ములఁ బలిసె మేను
చర్మ మడుగునఁ గంబళి చక్కనమర
నున్ని రాలఁగనే చలి యుడిగిపోయె.

నిర్వాహకుడు:
శాలువా మీదేనమ్మా. కంబళి పైనుంచి లోపలికి వెళ్లింది, సమస్య విడిపోయింది. తడిసినా ముద్దకట్టని కంబళి అది. సంధి కూడా "నున్ని" అని సరిగ్గా కలిపారు.

ఇక్కడ ఒక్క మాట. అందరూ "రాలఁగనే" దగ్గరే తడబడ్డారు. ఉన్ని రాలడం వల్ల చలి పోయిందని అర్థం తీస్తే పద్యం నిలవదు. "గనే" సమయం చెబుతుంది, కారణం చెప్పదు. కారణం ముందే, పాలు తాగిన పన్నెండు రోజుల్లో జరిగిపోయింది. సుబ్బలక్ష్మి గారు కారణాన్ని మూడు పాదాల్లో సర్దేసి, సమస్యను సమయానికి వదిలేశారు.

భాను:
మాష్టారూ, మూడో పాదం మార్చాను: "చర్మమడుగున నెయిముద్ద చక్కనమరె".

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి. కానీ సగం సుబ్బలక్ష్మి గారిది, మిగతాది నెయ్యి! సొంతంగా ఇంకోటి రాయమ్మా.

రవి (హాలిఫాక్స్):
ఇదిగో నాది. ఇది ఇంకో జాతి, హార్బర్ సీల్ మీద. దాని పిల్ల తెల్ల ఉన్నిని తల్లి కడుపులోనే వదిలేసి పుడుతుంది. ఇసుక దిబ్బ మీద పుట్టి, పోటు వచ్చేసరికి ఈదాలి మరి.

తల్లి కడుపున నుండఁగఁ దెల్లవలువ
విడిచి పుట్టెడు పాపకు వింతగాదు
పుట్టి పుట్టక యీఁదును పోటునీట!
ఉన్ని రాలఁగనే చలి యుడిగిపోయె.

నిర్వాహకుడు:
మొదటి పాదంలో ప్రాసయతి (తల్లి, దెల్ల) ముచ్చటగా పడింది. కానీ రవీ, ఉన్ని రాలింది తల్లి కడుపులో అన్నావు. అక్కడ చలెక్కడిది, ఉడగడానికి?

రవి (హాలిఫాక్స్):
దొరికిపోయాను మాష్టారూ. రేపు మళ్లీ వస్తా.