పావలా మీద ఖడ్గమృగం: అమ్మనా, దాచనా?

రామమూర్తినగర్ అల్లుడు:
మా అత్తగారు కర్నూలు నుంచి బెంగళూరు వస్తూ ఆవకాయ జాడీతో పాటు ఒక జంతికల డబ్బా తెచ్చారు. అందులో జంతికలు లేవు, నలభై రెండు పావలాలు ఉన్నాయి. అన్నిటి మీదా ఖడ్గమృగమే. అంతరించిపోతున్న జంతువుల స్మారక నాణేలకు లక్షలు ఇస్తారని ఎక్కడో చదివి మా ఆవిడ ఫోటో పెట్టింది. అరగంటలో ఫోను. ఒక్కో పావలాకు మూడు లక్షలట, ముందు రిజిస్ట్రేషన్ కింద 1,850 రూపాయలు కట్టాలట. పావలా కోడికి ముప్పావలా మసాలా! ఇంకా కట్టలేదు కానీ ఇంట్లో పోరు ఎక్కువైంది. ఇవి నిజంగా స్మారక నాణేలేనా? ఇంకొకటి, మా అమ్మాయికి మైసూరులో విడుదలైన పులి నాణెం కావాలట. అవెన్యూ రోడ్డులో ఒకాయన చెప్పిన ధర విని మారు మాట్లాడకుండా వచ్చేశాను.

చిల్లర పెట్టె:
కట్టకండి, మోసం. పాత నాణేలు కొంటామంటూ రుసుములు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. మీవి స్మారక నాణేలు కావు. 1988 నుంచి 2002 దాకా ముద్రించిన మామూలు స్టీలు పావలాలు. 2011 జూన్ 30తో వాటి చెలామణి కూడా ముగిసింది. ఆపదలో పడింది ఖడ్గమృగం కానీ ఈ పావలా కాదండి, ఏ ఇంట్లో డబ్బా తెరిచినా దొరుకుతుంది. సరదాకు సంవత్సరం కింద భూతద్దంతో చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాల, వజ్రం గుర్తయితే ముంబయి, చుక్క అయితే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. అన్నట్టు, చింతపండుతో తోమకండి. గీతలు పడిన నాణేన్ని సేకరించేవారు ముట్టుకోరు.

జయనగర్ అక్కయ్య:
పులిది మాత్రం అసలైన స్మారక నాణెమే. ప్రాజెక్ట్ టైగర్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2023 ఏప్రిల్ 9న మైసూరులో ప్రధాని విడుదల చేశారు. ముఖ విలువ 50 రూపాయలు. అంతకే ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు, ఇలాంటివి కొట్లో చిల్లరగా ఇవ్వడానికి కాదు, దాచుకోవడానికే. ముందు ప్రభుత్వ టంకశాల వెబ్‌సైటులో చూడండి, దుకాణానికి తరువాత వెళ్లవచ్చు. 1973లో ఆ పథకం మొదలైన తొమ్మిది అడవులలో మన బందీపూర్ ఒకటి. నాణెం దొరికేలోగా అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లండి.

రామమూర్తినగర్ అల్లుడు:
లెక్క తేలింది. నక్షత్రాలు పంతొమ్మిది, చుక్కలు పదకొండు, వజ్రాలు తొమ్మిది, ఏమీ లేనివి మూడు. చింతపండు సంగతి ఆలస్యంగా చదివాను, అప్పటికే అత్తగారు సగం తోమేశారు. ఆవిడ ఇన్నేళ్లూ దాన్ని అడవిపంది అనుకున్నారట.