చవక బేస్ యాంప్‌ల చెడ్డపేరు నిజమా, పుకారా?

మంద్రస్థాయి:
మా చర్చి బ్యాండులో బేస్ గిటారుకు యాంప్ (శబ్దం పెంచే యాంప్లిఫైయర్) కొనాలి. పెద్దలు ఇస్తామన్న సొమ్ముకు బెహ్రింగర్, దాని సోదర బ్రాండు బుగేరా వరుసలోనివే వస్తాయి. ఆ పేర్లు ఎత్తితే చాలు, తెలిసినవాళ్లంతా ముఖం చిట్లిస్తున్నారు. ఎందుకని అడిగితే "అందరికీ తెలిసిందే కదా" అంటారు తప్ప వివరం చెప్పరు. ఇవి నిజంగానే త్వరగా పాడవుతాయా? లేక ఒకరి మాట ఇంకొకరు మోసుకు తిరుగుతున్నారా?

నాలుగుతీగలు:
నిప్పు లేనిదే పొగ రాదండీ. లోకమంతా ఉత్తపుణ్యానికి ఒక కంపెనీని ఆడిపోసుకోదు. బుగేరా వేరాన్ హెడ్ (స్పీకర్ లేని విడి యాంప్) 2000 వాట్లని చెప్పి అమ్ముతారు. అది ఒక్క క్షణం ఎగిరే గరిష్ఠ లెక్క, కచేరీ సాగినంతసేపూ నిలకడగా ఇచ్చే శక్తి కాదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. వాట్ల దగ్గరే నిజం చెప్పనివాళ్లు లోపలి కెపాసిటర్ల దగ్గర చెబుతారా?

పాతకేసెట్:
పొగ నిజమే, నిప్పు మాత్రం వేరే ఇంట్లో ఉంది. ఉలి బెహ్రింగర్ 1989లో జర్మనీలో పెట్టిన కంపెనీ బెహ్రింగర్. తమ సౌండ్ మిక్సర్‌ను మక్కికి మక్కి దించేశారని 1997లో మాకీ కంపెనీ కోర్టుకు వెళ్లింది. 1999లో రాజీ కుదిరింది. తమ బాస్ (Boss) బ్రాండు ఎఫెక్ట్స్ పెడళ్ల రూపురేఖలు అనుకరించారని 2005లో రోలాండ్ కంపెనీ దావా వేసింది. అదీ రాజీతోనే ముగిసింది. నన్నడిగితే చెడ్డపేరులో సగం అక్కడిదే. కాపీ కొట్టారన్నది వ్యాపార నీతికి సంబంధించిన అభియోగం. దాన్ని పట్టుకుని సోల్డరింగ్ బలాన్ని అంచనా వేస్తే ఎలా?

ఇక వాట్ల సంగతి. టీసీ ఎలక్ట్రానిక్ కంపెనీ ఆర్‌హెచ్450 హెడ్ పేరులోనే 450 ఉంది, అసలు వచ్చేది దాదాపు 236 వాట్లు. వినడానికి మాత్రం 450 అంతే ఉంటుందని కంపెనీ సమర్థించుకుంది. అది అప్పటికి చవక బ్రాండు కాదు, బెహ్రింగర్ గూటికీ చేరలేదు. ఆ కొనుగోలు 2015లో జరిగింది.

సోల్డర్‌పొగ:
నేను రిపేర్లు చేస్తాను. నా బల్ల మీదికి చవకవీ వస్తాయి, ఖరీదైనవీ వస్తాయి. చాలా చవక కాంబోల్లో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేవి) ఇన్‌పుట్ జాక్ నేరుగా సర్క్యూట్ బోర్డుకే అతికి ఉంటుంది, ముందు రేకుకు నట్టు బిగింపు ఉండదు. వేదిక మీద ఎవరైనా కేబుల్ తొక్కితే ఆ లాగుడంతా సోల్డర్ చుక్క మీదే పడుతుంది. లెన్సు పెట్టి చూడండి, పిన్ను చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తుంది. ప్లగ్గు కదిపినప్పుడల్లా శబ్దం వస్తూ పోతూ ఉంటే చాలావరకు కారణం ఇదే. పాతది తీసి కొత్తగా సోల్డర్ పెడితే సరి.

మరొకటి చెబుతాను, ఇది ఖరీదైనవాటిలోనూ ఇంతే. వెనక ఎఫెక్ట్స్ సెండ్, రిటర్న్ జాక్‌లు ఉంటాయి, ఎఫెక్ట్స్ పెడల్‌కు సిగ్నల్ పంపి తిరిగి తీసుకోవడానికి. వాటికి ఏమీ తగిలించనప్పుడు సిగ్నల్ రిటర్న్ జాక్ లోపలి స్ప్రింగు రేకు మీదుగా పోతుంది. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ రేకు మీద మురికి పేరుకుని శబ్దం సన్నబడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. సెండ్ నుంచి రిటర్న్‌కు చిన్న కేబుల్ కలపండి. శబ్దం తిరిగి వస్తే జబ్బు అదే. యాంప్ పోయిందని మోసుకొచ్చినవాళ్లు ఆ కేబుల్‌తోనే నవ్వుకుంటూ వెళ్లిన రోజులున్నాయి.

చిక్కంతా క్లాస్ డీ వాటితో, అంటే ట్రాన్సిస్టర్లు స్విచ్చుల్లా పనిచేసే తేలికపాటి యాంప్‌లతో. భాగాలు మరీ చిన్నవి, తరచు బోర్డు మొత్తం మార్చాల్సి వస్తుంది. అమెరికాలోని మిసిసిపీలో 1965లో మొదలైన పీవీ (Peavey) కంపెనీ వారి పాత యాంప్‌లు ఎత్తితే నడుము పట్టేస్తుంది గాని, లోపల ప్రతి భాగాన్నీ మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో మార్చవచ్చు.

నాలుగుతీగలు:
మీ నోటితోనే చెప్పారు కదా! బోర్డు దొరక్కపోతే యాంప్ తుక్కే. స్పేర్లు దొరకని వస్తువును నమ్మదగినదని ఎలా అంటాం?

పాతకేసెట్:
పాత పీవీల్లో బతికి బట్టకట్టినవే మన కంట పడుతున్నాయి, పోయినవి ఎప్పుడో పాత సామాన్ల కొట్టుకు చేరాయి. పైగా ఎక్కువ అమ్ముడయ్యేదాని మీద ఫిర్యాదులూ ఎక్కువే ఉంటాయి. ఎన్ని అమ్మారో, వాటిలో ఎన్ని రిపేరుకు వచ్చాయో పక్కపక్కన పెట్టి చూడకుండా తీర్పు చెప్పలేం.

పెళ్లిపందిరి:
అందరూ కంపెనీలనే అంటున్నారు. నేను పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తాను. కరెంటు పోయి జనరేటర్ అందుకునేటప్పుడు వోల్టేజి ఎలా ఎగిరిపడుతుందో పందిట్లో లైట్లే చెబుతాయి. అప్పుడు స్విచ్ ఆపకపోతే ఏ బ్రాండైనా ప్రమాదంలో ఉన్నట్టే. ఎర్తింగ్ లేని బోర్డులో ప్లగ్గు పెట్టి, గుయ్యిమంటోందని యాంప్‌ను తిట్టేవాళ్లకు లెక్కలేదు. "కనీసం 4 ఓమ్‌లు" అని వెనక రాసి ఉన్న హెడ్‌కు 4 ఓమ్‌ల క్యాబినెట్లు (స్పీకర్ పెట్టెలు) రెండు తగిలిస్తారు. రెండూ కలిసి 2 ఓమ్‌లవుతాయి. కాలిన వాసన వచ్చాక చైనా సరుకు అంటారు.

నాలుగుతీగలు:
వాడకం సంగతి కాదనను. అయినా నా ఓటు ఫెండర్ రంబుల్ 100కే. దాదాపు పది కిలోలు, ఒంటి చేత్తో పట్టుకుపోవచ్చు.

సోల్డర్‌పొగ:
2014లో మార్చినప్పటి నుంచి అదీ క్లాస్ డీయేనండి.

నాలుగుతీగలు:
తెలుసు. కానీ రేపు అమ్మాలనుకుంటే రంబుల్‌కు బేరగాళ్లు వస్తారు. బెహ్రింగర్ అనగానే సగానికి సగం తగ్గించి అడుగుతారు. చెడ్డపేరు అన్యాయమే కావచ్చు, ఆ నష్టం భరించేది మాత్రం కొన్నవాడే.

మంద్రస్థాయి:
మాకు అమ్మే ఆలోచన లేదు. చర్చిలో కొన్న వస్తువు పూర్తిగా పాడయ్యేదాకా అక్కడే ఉంటుంది. హాల్లో మిక్సర్, పెద్ద స్పీకర్లు ఉన్నాయి కాబట్టి యాంప్ మాకు వినిపిస్తే చాలు. నేను చూసిన కాంబోకు లైన్ అవుట్ ఉంది. అక్కడి నుంచి మిక్సర్‌కు ఇస్తే సరిపోతుందా?

సోల్డర్‌పొగ:
వద్దు. యాంప్ ఆగితే లైన్ అవుట్ కూడా ఆగుతుంది, ఆరాధన మధ్యలో బేస్ పోతుంది. విడిగా ఒక డీఐ బాక్సు కొనండి, గిటారు సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చి పంపే చిన్న పెట్టె అది. గిటారు నుంచి ముందు దానికి, అక్కడి నుంచి ఒక కేబుల్ మిక్సర్‌కు, ఇంకొకటి యాంప్‌కు. ఆ బాక్సు ఏ కంపెనీదని నాలుగుతీగలు గారు అడగబోతున్నారేమో, నేను వాడుతున్నది బెహ్రింగర్ అల్ట్రా డీఐ.